ఆక్సర్ చూసినవారు మరండూ కూడా చూడాలి

పెర్త్‌లో స్థిరపడిన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఏటా జూలై బడి సెలవులు దగ్గరపడగానే ఒకే ఫోటో చేతులు మారుతూ ఉంటుంది. ఇనుప కటకటాలకు ఆనుకుని ఒక కుటుంబం నిలబడి ఉంటుంది, వారి వెనక నెత్తుటి రంగు గోడల నడుమ అగాధం ఉంటుంది, అడుగున ఎక్కడో నల్లని నీటి మెరుపు కనిపిస్తుంది. అది పశ్చిమ ఆస్ట్రేలియాలోని కరిజిని జాతీయ ఉద్యానవనంలో ఆక్సర్ లుకౌట్ అనే చోటు. వియానో, రెడ్, హాన్‌కాక్, జాఫ్రీ అనే నాలుగు ఇరుకు లోయలు అక్కడ, మన కాళ్ళకింద దాదాపు వంద మీటర్ల లోతున, ఒకదానితో ఒకటి కలుస్తాయి. నేనూ అక్కడికి వెళ్ళాను, నేనూ ఆ ఫోటో తీసుకున్నాను. అయితే ఆ ఒక్క చోటు చూసి వెనుదిరిగితే సగం చూసినట్టేననీ, మిగతా సగం చూడడానికి అక్కడే, ఆ పార్కులోనే, బోర్డు పెట్టి మరీ ఏర్పాటుచేసిన మరండూ అనే ఇనుప గనిని చూపించే ఇంకొక వ్యూపాయింట్ ఉన్నప్పటికీ మనలో చాలామంది దాని పక్కనుంచే కారు పోనిచ్చేస్తున్నామనీ చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా మాట సంగతి. ఇంగ్లీషువారు గార్జ్ అనేదాన్ని మనం లోయ అని సరిపెట్టుకుంటున్నాం కాని, నది కొండను నిలువునా కోసుకుని పారిన చోటికి మనకు గండి అనే సొంత మాట ఉంది. పెన్న అలా కోసిన చోట కట్టారు కనుకనే అది గండికోట అయింది. అందుచేత ఇకమీదట గండి అనే రాస్తాను.

మేము వెళ్ళింది ఆగస్టులో, మా అమ్మ మా ఇంటికి వచ్చి ఉన్నప్పుడు. పెర్త్ నుంచి రోడ్డు మీద వెళితే దాదాపు 1,400 కిలోమీటర్లు. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని రెండు రోజులు కారులో కూర్చోబెట్టలేక పారబుర్డూ అనే గనుల ఊరి దాకా విమానంలో వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకున్నాం. విమానంలో మేము ముగ్గురం, ఇంకెవరో ఇద్దరు తప్ప అందరూ పసుపుపచ్చ, నారింజ రంగుల్లో మెరిసే పనిచొక్కాలు వేసుకున్న గని కార్మికులే. వారాల తరబడి గనిలో పనిచేసి, ఇంటికి వచ్చి, మళ్ళీ అదే విమానంలో పనికి వెళ్ళే మనుషులు వారు. అమ్మ కాసేపు చూసి, "వీళ్ళంతా ఒకే పెండ్లికి పోతాండారా నాయనా?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను కాని, ఆ విమానం ఎక్కినప్పుడే ఈ ప్రయాణానికి అసలు కారణమేమిటో నాకు తట్టవలసింది. ఆ మూలకు రోజూ విమానం తిరుగుతున్నది గండ్లను చూసేవాళ్ళ కోసం కాదు.

వియానో దగ్గర కారు నిలిపి నడిస్తే ఆక్సర్ దాకా రానూపోనూ ఎనిమిది వందల మీటర్లే. దారి పొడవునా ముళ్ళకంపలా గుచ్చే స్పినిఫెక్స్ గడ్డి కుదుళ్ళు గుండ్రంగా పెరిగి ఉంటాయి, వాటి నడుమ సున్నం పూసినట్టు తెల్లని మొదళ్ళతో స్నాపీ గమ్ చెట్లు నిలబడి ఉంటాయి. అంతా చదునైన నేలలాగే ఉంటుంది. ముందు గండి ఉన్నదని చెప్పే ఆనవాలు ఒక్కటీ కనిపించదు. ఉన్నట్టుండి నేల ఆగిపోతుంది. కొండను ఎక్కి లోయను చూడడం మనకు అలవాటు కనుక, నేల మట్టానే నిలబడి అంత లోతు చూడవలసి రావడం కాళ్ళకు ఒక పట్టాన మింగుడుపడదు. నా భార్య కటకటాలకు రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది.

గోడలను తీరిగ్గా చూడాలి. అరచేతి మందాన ఎరుపు, వేలి మందాన నలుపు, మళ్ళీ ఎరుపు, కొన్నిచోట్ల గోధుమ రంగు, ఆ పైన నీలం కలిసిన బూడిదరంగు, ఇలా పైనుంచి కింది దాకా వందల పొరలు చెక్కు చెదరకుండా అడ్డంగా సాగిపోతుంటాయి. ధర్మవరంలో పట్టుచీరల కొట్టుకు వెళితే అల్మారాలో అంచులు మాత్రమే కనిపించేలా చీరలు దొంతర పెట్టి ఉంటాయే, ఆ పోలిక తప్ప నాకు ఇంకొకటి తోచలేదు. అమ్మ మాత్రం గండిని ఒక్క నిమిషం చూసి, తల వంచి తన చీర కుచ్చిళ్ళను దులపడం మొదలుపెట్టింది. ఎంత దులిపినా ఆ ఎరుపు పోలేదు. వేళ్ళ మధ్య కాస్త మట్టి నలిపి చూసుకుని, "ఇది మన ఓబుళాపురం మన్ను గదా నాయనా, ఇంత దూరం వచ్చి దీన్నేనా చూడాల్సింది?" అన్నది.

మాది రాయదుర్గం పక్క ఊరు. 2000 తర్వాత చైనా గిరాకీతో ఇనుప ఖనిజం ధర పెరిగిన ఏళ్ళలో మా రోడ్ల మీద రాత్రింబవళ్ళు ఎర్రమట్టి లారీలు తిరిగేవి. ఆరేసిన బట్టలు, బావి గట్టు, వేపాకు, అన్నీ ఒకే రంగు. కనుక అమ్మ అన్నది ఎకసెక్కం కాదు. ఆమెకు ఆ మన్ను తెలుసు. సాంకేతికంగా చూసినా ఆమె మాటలో పెద్ద తప్పు లేదు, ఎందుకంటే బళ్ళారి, సండూరు, ఓబుళాపురం కొండల్లో ఉన్నదీ ఈ గోడల్లో ఉన్నదీ ఒకే జాతి రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని బ్యాండెడ్ ఐరన్ ఫార్మేషన్ అంటారు, మనం పట్టీల ఇనుపరాయి అనుకోవచ్చు.

ఆ రాయి పుట్టుక వింటే ఆ గోడల మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ కిందట ఈ ప్రాంతమంతా సముద్రం అడుగున ఉండేది. అప్పటి గాలిలో ప్రాణవాయువు లేనట్టే లెక్క, అందుకే సముద్రపు నీటిలో ఇనుము ఉప్పులాగా కరిగి ఉండేది. సూర్యరశ్మితో బతికే సూక్ష్మజీవులు విడుదల చేసిన ఆక్సిజన్ తగిలిన కొద్దీ ఆ ఇనుము తుప్పుగా మారి అడుగుకు చేరింది, దానితోపాటు సిలికా కూడా పేరుకుంది, ఈ రెండూ వంతులవారీగా పొరలు కట్టాయి. అంటే మనం ఆక్సర్ దగ్గర నిలబడి పీల్చుకునే గాలి ఏ మార్పుతో తయారైందో, ఆ మార్పు తాలూకు మడ్డి మన ఎదుట గోడగా నిలబడి ఉందన్నమాట. ఈ పొరలకు శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లు కూడా ఈ గండ్ల నుంచి తీసుకున్నవే. ప్రపంచంలో ఎక్కడ పట్టీల ఇనుపరాయి గురించి పాఠం చెప్పినా డేల్స్ గార్జ్ మెంబర్, జాఫ్రీ మెంబర్ అనే మాటలు వినిపిస్తాయి.

ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే వాదనలో నిజాయితీ ఉండదు. నేను పెర్త్‌లో గనుల సంస్థలకు షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. ఇదే రాయి నాకు పదకొండేళ్ళుగా తెర మీద నాలుగు గడులుగా పరిచయం: ఐరన్ శాతం, సిలికా శాతం, అల్యూమినా శాతం, ఫాస్ఫరస్ శాతం. ఆక్సర్ గోడల్లో కనిపించే మామూలు పట్టీరాయిలో ఇనుము సుమారుగా ముప్పై శాతం ఉంటుంది. ఎగుమతికి కావలసింది అరవైకి అటూ ఇటూ. కొన్నిచోట్ల కోట్ల ఏళ్ళపాటు భూగర్భ జలం ఆ రాయిలోని సిలికాను కడిగేసి ఇనుమును మిగిల్చింది. అలా ప్రకృతి వడపోసి పెట్టిన చోట్లే టామ్ ప్రైస్, మరండూ, పారబుర్డూ గనులయ్యాయి. వడపోయకుండా వదిలేసిన చోటును నీరు కోసింది, అది ఆక్సర్ అయింది.

కనుక గండి వద్ద నిలబడి "ఆస్ట్రేలియావాళ్ళు ప్రకృతిని ఎంత బాగా కాపాడుకుంటారో చూడండి, మనవాళ్ళు ఉన్నారు ఎందుకు" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒక సందేహం కలుగుతుంది. ఈ గోడలను కాపాడింది చట్టమా, గ్రేడా, అంటే రాయిలోని ఇనుము శాతమా? 1969లో ఈ ప్రాంతాన్ని హామర్స్‌లీ రేంజ్ పేరుతో జాతీయ ఉద్యానవనం చేశారు. ఇప్పుడు దాని విస్తీర్ణం ఆరు లక్షల హెక్టార్లకు పైచిలుకు, పశ్చిమ ఆస్ట్రేలియాలో రెండో అతి పెద్దది. కాని మ్యాపు తీసి చూస్తే ఆ పార్కు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఉత్తరపు ముక్కకూ దక్షిణపు ముక్కకూ నడుమ ఒక పట్టీ ఉంది, ఆ పట్టీలో ఖనిజం మోసే రైలు మార్గం ఉంది, మరండూ గని ఉంది. 1990ల తొలి ఏళ్ళలో ఆ నేలను పార్కునుంచి మినహాయించారు. అంతటితో ఆగక 1992లో రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, ఆదివాసీ వారసత్వ స్థలాలను కాపాడే చట్టం ఆ ఒక్క చోటికి వర్తించకుండా చేసింది. 1994లో గని మొదలైంది. గ్రేడు తక్కువైన చోట చట్టం గోడలాగా నిలబడింది, గ్రేడు బాగున్న చోట గేటులాగా తెరుచుకుంది. నాకు అర్థమైనది ఇంతే.

ఆ గనిని చూడడానికి కూడా పార్కులో దారి ఉంది. పునురున్హా అనే కొండ ఉంది, ఇంగ్లీషు పేరు మౌంట్ బ్రూస్, ఎత్తు 1,234 మీటర్లు. శిఖరం ఎక్కి దిగడం గట్టివారికే ఒక పూట పని కాని, అంత దూరం పోనక్కర లేదు. కొండ పాదం నుంచి మరండూ వ్యూ అనే కాలిబాట రానూపోనూ అర కిలోమీటరు. అమ్మ ఆక్సర్ కన్నా ఇక్కడికే తేలిగ్గా నడిచింది. ఆ ఉదయం అక్కడ మేము తప్ప ఎవరూ లేరు. ఆక్సర్ దగ్గర కారు పెట్టుకోవడానికే ఇరవై నిమిషాలు తిరిగామని గుర్తు.

ఎదురుగా మెట్లుమెట్లుగా తవ్విన నేల, తవ్విపోసిన మట్టి దిబ్బలు, చీమల్లా కదిలే ట్రక్కులు. చీమలన్నాను గాని దగ్గరికి వెళితే ఆ ట్రక్కు చక్రమే మనిషికన్నా ఎత్తుంటుంది. కాసేపటికి రైలు వచ్చింది. ఈ ప్రాంతపు ఖనిజపు రైళ్ళు సుమారు 2.4 కిలోమీటర్ల పొడవుంటాయి, వాటిలో చాలావాటికి డ్రైవరు ఉండడు; పదిహేను వందల కిలోమీటర్ల దూరాన, పెర్త్‌లోని ఒక గదిలో కూర్చుని వాటిని గమనిస్తుంటారు. అమ్మ పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఎనభై దగ్గర విసుగు పుట్టి మానేసింది. గనిలో ఊరే నీటిని తోడి పశుగ్రాసం పండిస్తున్నారని నేను చెప్పినప్పుడు మాత్రం ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. బోరు వెయ్యి అడుగులు వేసినా తడి తగలని ఊరు మాది. "మన్ను కోసం నీళ్ళు పారబోస్తాండారా?" అని అడిగి, నా జవాబు కోసం ఎదురుచూడకుండా తానే, "పారబోయకుండా గడ్డి పెంచినారు గదా, మేలే" అన్నది. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న తర్కాన్ని మా కంపెనీలో పర్యావరణ నివేదికలు నలభై పేజీల్లో చెబుతాయి.

పేర్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఏది చూడాలో ఏది చూడనక్కరలేదో పేర్లే ముందుగా నిర్ణయిస్తాయి. 1861లో గ్రెగరీ అనే అన్వేషకుడు ఈ కొండల వరుసకు తన యాత్రకు అండగా నిలిచిన హామర్స్‌లీ పేరు పెట్టాడు. టామ్ ప్రైస్ అనే ఊరికి ఒక అమెరికన్ ఉక్కు కంపెనీ ఉపాధ్యక్షుడి పేరు వచ్చింది. ఆ ఊరి నెత్తిన ఉన్న కొండకు మ్యాపుల్లో మౌంట్ నేమ్‌లెస్ అని రాశారు, అంటే పేరులేని కొండ. దానికి జార్న్‌డన్‌మున్హా అని అప్పటికే పేరుంది, రాళ్ళ మీద గెంతే, కంగారూ లాంటి చిన్న వాలబీలు ఉండే చోటని దాని అర్థం. పేరులేదని పేరు పెట్టడంకన్నా మొండితనం ఇంకేముంటుంది? 1991లో పార్కుకు మాత్రం అక్కడి ఆదివాసులైన బన్జిమా జనం పిలుచుకునే కరిజిని అనే పేరు తిరిగి వచ్చింది, 2014లో కోర్టు ఆ జనానికి తమ నేల మీద సంప్రదాయ హక్కును గుర్తించింది. పార్కు సందర్శకుల కేంద్రాన్ని ఉడుములాంటి గోవానా ఆకారంలో కట్టారు, గోడలు తుప్పు రంగు ఉక్కు పలకలవి. ఆ నేలలోని ఇనుము ఆ నేలమీదే గోడగా నిలబడిన చోటు నాకు తెలిసి అదొక్కటే. మిగిలినదంతా ఓడ ఎక్కుతుంది.

పార్కు ఉత్తరపు అంచుకు ఆనుకుని విటెనూమ్ అనే ఊరు ఉండేది. అదే పట్టీరాయి పొరల్లో అక్కడక్కడ నీలి ఆస్బెస్టాస్ నార దొరుకుతుంది. 1943 నుంచి 1966 దాకా కంపెనీ గని నడిచింది, వలస వచ్చిన యూరప్ కార్మికులు కుటుంబాలతో కాపురముండేవారు, ఆ గని చెత్తను ఊరి దారుల మీదా ఆవరణల్లోనూ పరిచారు. ఆ దుమ్ము పీల్చి తర్వాతి దశాబ్దాల్లో చనిపోయినవారు రెండు వేలకు పైగానే ఉంటారని లెక్క కడుతున్నారు. 2007లో ఆ ఊరి పేరునే అధికారిక పట్టిక నుంచి తీసేశారు, తర్వాత మిగిలిన ఇళ్ళను కూల్చేశారు. విటెనూమ్ గండి అందంలో ఆక్సర్‌కు తీసిపోదని పాతవాళ్ళు చెబుతారు. అక్కడికి వెళ్ళవద్దని బోర్డులు చెబుతాయి, నేనూ అదే చెబుతాను.

ఇక జూకాన్. 2020 మే 24న, టామ్ ప్రైస్‌కు వాయవ్యంగా, రియో టింటో అనే గనుల కంపెనీ తన గని విస్తరణలో భాగంగా జూకాన్ గండిలోని రెండు రాతి గుహలను పేల్చివేసింది. 46 వేల ఏళ్ళనాడే మనుషులు ఆ గుహల్లో తలదాచుకున్నట్టు ఆధారాలున్నాయి. నాలుగు వేల ఏళ్ళనాటి, జుట్టు పేనిన జడ అక్కడ దొరికితే, దాని డీఎన్‌ఏ ఆ నేల ఆదివాసులైన నేటి పుటు కుంటి కురామా జనంతో కలిసింది. ఆ పేల్చివేతకు 2013లోనే చట్టప్రకారం అనుమతి లభించింది. దేశమంతా గగ్గోలు పుట్టాక ఆ కంపెనీ ప్రధాన కార్యనిర్వహణాధికారి, మరో ఇద్దరు ఉన్నతాధికారులు పదవులు వదులుకున్నారు. ఆ వార్త వచ్చిన రోజున ఆఫీసులో మేమంతా ఆన్‌లైన్ మీటింగులో మౌనంగా కూర్చున్నాం. నాకు మాత్రం ఓబుళాపురం దగ్గర, ఆంధ్ర కర్ణాటక సరిహద్దు మీద ఉండిన సుంకులమ్మ గుడి గుర్తొచ్చింది. 2006లో అది గని పేలుళ్ళలో నేలమట్టమైందని అప్పట్లో పత్రికలు రాశాయి. మా అమ్మ పెళ్ళైన కొత్తలో ఆ గుడికి వెళ్ళి వచ్చింది. మనవాళ్ళు ఉన్నారు ఎందుకు అనేవారికి నేను చెప్పదలచింది ఇదే: ఇక్కడ కాగితం పక్కాగా ఉంటుంది, అక్కడ కాగితం ఉండదు, రాయి దగ్గర నిలబడి చూస్తే తేడా కనిపించడం కష్టం. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. ఇక్కడ కుర్చీలు ఖాళీ అయ్యాయి, అది చిన్న విషయం కాదు.

ఈ ధోరణిలో మాట్లాడినప్పుడు మిత్రులు రెండు రకాలుగా అడ్డుపడుతుంటారు. సెలవుకు వెళ్ళినప్పుడు ఈ గొడవ ఎందుకు, పిల్లలకు రెండు రోజులు మంచి గాలి చూపించుకుని వద్దాం అని మొదటి రకం. వారి మాటను నేను తోసిపుచ్చను. హాన్‌కాక్ గండిలో చల్లని నీటిలో దిగి, రెండు గోడల మీద చేతులూ కాళ్ళూ ఆన్చి సాలీడులా నడిచిన గంటన్నరలో నాకూ గనులు గుర్తుకు రాలేదు. వర్షసూచన ఉంటే మాత్రం ఆ గండ్లలోకి ఎవరూ దిగకూడదు. 2004లో అక్కడ చిక్కుకున్నవారిని కాపాడడానికి దిగిన ఒక స్వచ్ఛంద సహాయకుడు హఠాత్తుగా వచ్చిన వరదలో ప్రాణం పోగొట్టుకున్నాడు. కాని మంచి గాలి సంగతికి వస్తే, మరండూ వ్యూ నడకకు పట్టేది అరగంట. రెండు రోజుల సెలవులో అరగంట ఇస్తే పాడయ్యే ఆనందం మొదటినుంచీ అంత గట్టిది కాదేమో.

రెండో రకం వారు నన్నే పట్టుకుంటారు. "నువ్వు తినేది ఆ అన్నమే గదా, మళ్ళీ ఈ నీతులెందుకు?" అంటారు. నిజమే, నేను తినేది ఆ అన్నమే. 1938లో ఈ దేశం ఇనుప ఖనిజం నిల్వలు తక్కువని భ్రమపడి ఎగుమతిని నిషేధించింది. 1960 చివర ఆ నిషేధం సడలించాకే ఈ గనులు, ఈ రైళ్ళు, ఈ విమానాశ్రయం, పెర్త్‌లో నాలాంటివారి ఉద్యోగాలు వచ్చాయి. గనులు మూయాలని నేను అనడం లేదు. ఉక్కు లేకుండా ఆక్సర్ దగ్గర పట్టుకుని నిలబడే ఆ కటకటాలు కూడా ఉండవు. ఆ అన్నం తినేవాడిని కనుకనే, పొయ్యి ఎక్కడుందో కూడా చూసి రావాలంటున్నాను. గండిని కాపాడామని సంబరపడేటప్పుడు, ఎంత నేలను కాపాడలేదో లెక్క కూడా అదే మ్యాపులో కనబడాలి. పార్కువారు మరండూకు దారి వేసి, బోర్డు పెట్టి, ఆ లెక్కను దాచకుండా ఉంచారు. దానికి వారిని మెచ్చుకోవలసిందే. చూడడం మానేసింది మనమే.

తిరుగు ప్రయాణంలో అద్దె కారు ఇచ్చిన సంస్థ, లోపలి ఎర్రమట్టి కడగడానికని అదనంగా డబ్బు పట్టుకుంది. వాదించాను గాని లాభం లేకపోయింది. పెర్త్ చేరాక అమ్మ ఆ చీరను మూడు సార్లు ఉతికింది, కుచ్చిళ్ళ అంచున ఆ రంగు అలాగే ఉండిపోయింది. తాను ఫోనులో తీసిన ఫోటోలు రెండు రాయదుర్గానికి పంపింది, ఒకటి ఆక్సర్‌ది, ఒకటి మరండూది, కింద ఏమీ రాయకుండా. సాయంత్రం మా చిన్నాన్న ఫోన్ చేశాడు. చాలాసేపు మోకాళ్ళ నొప్పుల గురించీ వేరుశనగ ధర గురించీ మాట్లాడి, పెట్టేసే ముందు అడిగాడు, ఆ రెండింటిలో దుడ్లు కట్టి చూడాల్సింది ఏదని. అమ్మ నావైపు చూసింది.

"రెండూ ఒకే టికెట్టంట" అని చెప్పింది.